తెలియని నంబరు

ఆ రోజు చప్పట్లు కొట్టించింది నేనే. మిగతాది ఎవరి తప్పో, ఎవరి తలరాతో తర్వాత మాట్లాడుకోవచ్చు గానీ, ఈ ఒక్క మాట ముందు చెప్పకపోతే నాకు కలం కదలదు.

మాది ఇద్దరు టీచర్ల బడి. గోరంట్లకూ కొత్తచెరువుకూ మధ్య బస్సు దిగి, ఆటోలో కొంత, నడిచి కొంత పోతే వచ్చే ఊరు. రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులు. ఒకటీ రెండూ తోటి టీచరు చూస్తుంది, పై మూడూ నావి. నాకు నోరు కాస్త ఎక్కువ. ఆ నోటికి పిల్లలు భయపడతారని నేను అనుకుంటాను. భయపడాల్సిన పని లేదని వాళ్లకు ఎప్పుడో తెలిసిపోయింది.

ఆ ఏడాది బడులు తెరిచిన కొత్తలో అనంతపురంలో ఒకరోజు శిక్షణకు రమ్మన్నారు. పిల్లలకు ఇంటర్నెట్ భద్రత ఎలా నేర్పాలి అన్నది విషయం. నిజానికి నాకు సరదాగానే అనిపించింది. హాజరు ఫోనులో, భోజనం ఫోటో ఫోనులో, పిల్లల బూట్ల కొలతలు కూడా ఫోనులోనే ఎక్కిస్తూ సగం పొద్దు గడిపేదాన్ని, ఆ ఫోను గురించి నాలుగు ముక్కలు తెలుసుకుంటే మంచిదే కదా. ఎక్కడో పెద్ద ఊరి నుంచి వచ్చిన ఒక కుర్ర సారు చక్కగా చెప్పాడు. తెర మీద బొమ్మలు వేశాడు. ఆ బొమ్మల్లో ఒక్కో పిల్లకు ఒక్కో గది, ఒక్కో బల్ల, బల్ల మీద ఒక్కో కంప్యూటరు. తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోను పిల్లలు ఎత్తకూడదు అన్నాడు. అందరం రాసుకున్నాం.

నాకు అప్పుడొక ప్రశ్న వచ్చింది. మా ఊళ్లో తెలిసిన నంబరు అంటే ఏది సార్ అని. మా దగ్గర ఫోను ఒకరిది, మాటలు పదిమందివి. వలస పోయినవాళ్లు మేస్త్రీ ఫోను నుంచి చేస్తారు, టీ అంగడి ఫోను నుంచి చేస్తారు, పక్క గుడారం వాళ్ల ఫోను నుంచి చేస్తారు. ఇవాళ వచ్చిన నంబరు రేపు రాదు. అడుగుదామని చెయ్యి ఎత్తబోయాను. అంతలో భోజనాలకు లేవమన్నారు. తిన్న తర్వాత మర్చిపోయాను.

మర్నాడు బడికి వచ్చి ఒక పెద్ద చార్టు తీసుకుని మూడు సూత్రాలు నా అక్షరాలతో రాసి గోడకు అంటించాను. తెలియని నంబరు ఎత్తకూడదు, ఎత్తినా మాట్లాడకూడదు. పేరు, ఊరు, ఇంట్లో ఎవరున్నారో చెప్పకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. రోజూ ప్రార్థన అయ్యాక ఎక్కాలు చెప్పినట్టు చెప్పించేదాన్ని. మూడో సూత్రం దగ్గర ఐదో తరగతి వాడొకడు లేచి నిలబడ్డాడు.

“మొన్న మా అమ్మ ఫోనుకొచ్చిన ఓటీపీ మీరే అడిగితిరి కదా మేడమ్?”

“అది బడి పనిరా. నీ పేరు ఎక్కించడానికి.”

“దొంగోడు గూడా బ్యాంకు పనే అంటాడంట కదా మేడమ్.”

తరగతంతా ఘొల్లుమంది. నాకూ నవ్వు ఆగలేదు. “కూర్చోరా పెద్ద లాయరూ” అని కూర్చోబెట్టాను. ఆ రోజే కొంచెం ఆలోచించి ఉండాల్సింది.

ఆలోచించలేదు సరికదా, ఇంకో అడుగు ముందుకు వేశాను. శిక్షణలో చెప్పినట్టు పిల్లల చేత చిన్న ఆట ఆడించాలి. అందులో దొంగ ఫోన్ చేసి “నీకు బహుమతి వచ్చింది” అంటాడు. మా పిల్లలకు ఇది అతకలేదు. బహుమతి వచ్చిందంటే మా వాళ్లు నమ్మరు, నవ్వుతారు. వాళ్లను వణికించేది వేరే ఉంది. తరగతిలో సగం మంది నాయనలు బెంగుళూరులోనో కేరళలోనో ఉంటారు. అందుకని ఆటను నేనే మార్చాను. నల్లబల్ల తుడిచే డస్టరు చెవి దగ్గర పెట్టుకుని, గొంతు బొంగురు చేసి, దొంగ వేషం కూడా నేనే వేశాను.

“హలో, పాపా! మీ నాయనకు దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో ఉన్నాడు. మీ అవ్వకు ఫోనియ్యి. మీది ఏ ఊరు? తొందరగా చెప్పు!”

పిల్లలంతా “చెప్పం!” అని అరిచి ఫోను కట్ చేయాలి. అదీ ఆట. మూడో తరగతి బుడ్డోడొకడు మొదటిసారి తడబడి “ఏ ఆసుపత్రి?” అని అడిగాడు. వాణ్ని నేను కసిరాను. “ఏ ఆసుపత్రని అడుగుతావేంరా, అడిగితే దొరికిపోయినట్టే!” అన్నాను. వాడు తల దించుకున్నాడు. ఆ తరగతిలో సరైన ప్రశ్న అడిగింది వాడొక్కడేనని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టలేదు.

ఆటలో అందరికన్నా బాగా చేసింది నాలుగో తరగతి పిల్ల. నేను ఎంత బతిమాలినా, ఎంత బెదిరించినా, “చెప్పను. కట్ చేస్తాండా” అని చేతిలోని సుద్దముక్కను బల్ల మీద టక్కున పెట్టేది. దాన్నే లీడర్ని చేశాను. ఆట మొత్తం వీడియో తీసి టీచర్ల గ్రూపులో పెట్టాను. పిల్లల ముఖాలు ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని పొద్దున నేర్పి, మధ్యాహ్నం నేనే పెట్టాను. బొటనవేళ్లు, చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. వాటిని రెండుసార్లు చూసుకున్నాను కూడా.

ఆ పిల్ల ఇల్లు బడికి ఎదురు వీధి. ఆ ఏడు చెనిక్కాయ పంట వేస్తే విత్తనం కూడా తిరిగి రాలేదు. అమ్మానాయనా ఇద్దరూ బెంగుళూరు బిల్డింగు పనికి పోయారు. పిల్లను నాయన తల్లి దగ్గర వదిలారు. ఆ అవ్వ పొద్దున మేకల్ని తోలుకుపోతే మళ్లీ పొద్దుగూకేటప్పుడే రావడం. ఇంట్లో అద్దం పగిలిన టచ్ ఫోను ఒకటి ఉండేది, దాని పెత్తనమంతా పిల్లదే. నాయన దగ్గర ఇంకొకటి. అమ్మకు ఫోను లేదు, చదువూ లేదు.

ఊరు విడిచేముందు ఆ తల్లి నాకు చెప్పి పోదామని బడికి వచ్చింది. “బిడ్డను చూసుకోండి మేడమ్, మీరే దిక్కు” అంది. వరండా మెట్టు మీద కూర్చోబెట్టి కూతురు ఆమెకు ఇంటి ఫోను నంబరు నేర్పింది. పది అంకెలు. నేను ఎక్కాలు ఎట్లా నేర్పుతానో అచ్చం అట్లాగే, తప్పు వస్తే తొడ మీద చిన్నగా తట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. ఏడో అంకె దగ్గర తల్లి ప్రతిసారీ ఆగి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. చివరికి తప్పులేకుండా చెప్పింది. “మీ అమ్మ ఫస్ట్ క్లాసులో పాసు” అన్నాను. ఆ తల్లికి ఈ భూమ్మీద నోటికి వచ్చిన ఫోను నంబరు అదొక్కటే.

ఇక ఆ బుధవారం. ప్రార్థన అయింది, సూత్రాలు అయ్యాయి. పిల్ల చెయ్యి ఎత్తింది. ముఖం వెలిగిపోతోంది.

“మేడమ్, నిన్న మాపటేళ నాకు దొంగోడు ఫోన్ చేసినాడు!”

పిల్లలంతా దాని వైపు తిరిగారు. నేను కూడా.

“అచ్చం మీరు చెప్పినట్లే చెప్పినాడు మేడమ్. మీ నాయనకు దెబ్బ తగిలింది, ఆసుపత్రిలో ఉండాడు, మీ అవ్వకియ్యి అన్నాడు. మీది ఏ ఊరు, బస్సు యాడ ఎక్కుతారు అని గూడా అడిగినాడు. నేను చెప్పలే. కట్ చేసినా. మళ్లా మళ్లా చేసినాడు. బ్లాక్ చేసేసినా. ఇంగో నంబరు నుంచి వచ్చినాది, అది ఎత్తనే లేదు. దాన్నీ బ్లాక్ చేసినా.”

“శెభాష్!” అన్నాను.

“నాయనకు చేస్తే స్విచాఫ్ వచ్చినాది మేడమ్” అంది కాస్త గొంతు తగ్గించి.

“పనిలో ఉంటాడులే” అన్నాను.

అక్కడ ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. ఆ మాటలు నేను అల్లినవి. ఈ బడిలో, ఈ గదిలో, డస్టరు చెవి దగ్గర పెట్టుకుని నేను అల్లినవి. బయట ఏ దొంగకు తెలుస్తాయి అవి? బస్సు ఎక్కడ ఎక్కుతారని ఏ దొంగ అడుగుతాడు? ఫోను తీసుకురా, ఆ నంబరుకు నేనొకసారి చేస్తాను అంటే అయిపోయేది. ఇల్లు ఎదురు వీధే. నాకు ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చీ రానట్టు ఒక్క క్షణం వచ్చింది. కానీ నా పాఠం ఫలించిందన్న సంబరం దాన్ని తోసేసింది. “అందరూ మన లీడరుకు చప్పట్లు కొట్టండి” అన్నాను. పిల్లలు మూడు దెబ్బలు, మూడు దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, నేను నేర్పిన వరసలోనే కొట్టారు. పిల్ల సిగ్గుపడుతూ వెళ్లి కూర్చుంది. గ్రూపులో ఆ సంగతి కూడా రాశాను.

గురువారం మధ్యాహ్నం పిల్లలు వరండాలో బంతిగా వరసలో కూర్చుని తింటున్నారు. ఊళ్లో కిరాణా అంగడి పెట్టుకున్నాయన గేటు దగ్గరకు వచ్చి నన్ను సైగ చేసి పిలిచాడు.

“మేడమ్, ఆ పాప వాళ్ల నాయన పోయినాడంట.”

“యాడికి?” అన్నాను. నిజంగానే అట్లా అడిగాను.

“చచ్చిపోయినాడు మేడమ్. మంగళవారం పైటాల, అన్నాల పొద్దులో సెంట్రింగు మీద నుంచి పడినాడంట. నిన్న మాపున ప్రాణం పోయినాదంట. పక్కూరి ఆయప్ప ఒగడు ఆ ఆసుపత్రిలో వీళ్లను చూసి, ఇప్పుడు నాకు ఫోన్ చేసినాడు. ఇంటికి ఎన్నిసార్లు చేసినా పోలేదంట.”

వెనక్కి తిరిగి చూశాను. పిల్ల గుడ్డును రెండు ముక్కలు చేసి, పచ్చసొన చివరికి దాచుకుని తింటోంది. దాన్ని తిననిచ్చాను. ఎందుకో తెలియదు, అది పూర్తిగా తినేదాకా నేను కదలలేకపోయాను. తర్వాత చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. దారిలో ఏమీ చెప్పలేదు. గుమ్మం దగ్గర అదే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఆ ఫోను నిజమేనా మేడమ్?” అంది. నేను తల ఊపాను.

పొద్దు వాలాక శవాన్ని తెచ్చారు. తల్లి బండి దిగీదిగగానే భర్త వైపు కాదు, ఇంట్లోకి పరుగెత్తింది. పిల్లను పట్టుకుని ఒళ్లంతా తడుముకుంది. రెండు రోజులూ ఇక్కడ వీళ్లకే ఏదో అయిపోయిందని అనుకుందట. వీళ్లు బాగున్నారని తెలిశాక అప్పుడు ఏడ్చింది.

పడినప్పుడు ఆయన ఫోను జేబులోనే ముక్కలయింది. నంబర్లన్నీ అందులోనే పోయాయి. తల్లికి నోటికి వచ్చింది ఆ పది అంకెలే. మొదట చేసింది మేస్త్రీ, తల్లి చెప్పిన నంబరు రాసుకుని బయటికి వచ్చి; అప్పుడామె లోపల భర్త పక్కన ఉంది. ఆ తర్వాతది టీ అంగడి నుంచి తల్లే చేయించింది. మర్నాడు ఆసుపత్రి వాచ్‌మన్ ఫోను నుంచి కూడా చేయించిందట, అప్పుడు పిల్ల బడిలో ఉంది.

“పది అంకెలు మేడమ్” అంది నాతో, తర్వాత ఎప్పుడో. “ఒగటి గూడా తప్పలే. నేను చెప్తాంటే వాళ్లు ఒత్తినారు. బిడ్డ గొంతు ఒగసారి ఇనిపించు అన్యాడు మా ఆయప్ప. బుధవారం పైటాల దాకా మాట్లాడతానే ఉండె. అత్త ఎప్పుడొస్తాదని అడగతానే ఉండె. బస్సెక్కినారంట, వస్తాండారంట అని అబద్ధం చెప్పినా.”

అవ్వ నాతో నేరుగా మాట్లాడలేదు. మేకల దొడ్డి వైపు చూస్తూ, గాలికి చెప్పినట్టు చెప్పింది. “ఎవురో ఒగసారి కనుక్కుందాం పాపా అంటి. మేడమ్ చెప్పిండాది అవ్వా, నీకు తెలీదు అన్యాది. నాకేం తెలుసప్పా. మేకలు కాసేదాన్ని.”

దినాలు అయిపోయాక తల్లి దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పాను. ఆట సంగతి, మాటలు నేనే అల్లిన సంగతి, చప్పట్ల సంగతి, అన్నీ. తిడుతుందని, తిడితే బాగుండునని వెళ్లాను. ఆమె “మంచికే చెప్పింటారులే మేడమ్” అంది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని తినలేక లేచాను.

తల్లి మళ్లీ బెంగుళూరికే పోయింది. ఇంకెక్కడికి పోతుంది? పిల్ల మళ్లీ బడికి వస్తోంది. ఈసారి సంచిలో ఫోను కూడా తెస్తోంది. బడికి ఫోను తేకూడదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇంత నోరున్న దాన్ని.

ఒకరోజు లెక్కలు చెబుతుంటే సంచిలో ఫోను మోగింది. పిల్ల పుస్తకాలు చెల్లాచెదురు చేసి దాన్ని తీసి, వరండాలోకి పరుగెత్తింది. తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. తన పేరు, నాయన పేరు, ఊరి పేరు, మండలం పేరు. “అవ్వ మేకల కాడికి పోయినాది. పొద్దుగూకినాక వస్తాది. ఇంట్లో నేనొగదాన్నే ఉంటా. చెప్పండి, ఏమైనాది? ఎవురికి?”

లోపలికి వచ్చాక అడిగాను, ఎవరని.

“తెలీదు మేడమ్. హిందీలో ఏందో మాట్లాడినాడు. మళ్లా చేస్తాడేమో.”

ఏ దొంగ అయినా ఇంతకన్నా ఏం అడుగుతాడు? ఎవడు చేసినా, ఏ వేళ చేసినా ఈ పిల్ల ఎత్తుతుంది, అన్నీ చెబుతుంది. అట్లా చెప్పకూడదమ్మా అని నేనెట్లా చెప్పాలి? ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? గోడ మీద నా చార్టు ఇంకా ఉంది, నా గుండ్రటి అక్షరాలతో. ఆ సాయంత్రం దాన్ని ఊడదీశాను. సున్నం కూడా దాంతోపాటు ఊడొచ్చింది.

చెప్పకుండా ఉండలేను కదా. నాలుగు రోజులు మల్లగుల్లాలు పడి, ఆ శిక్షణలో అడగకుండా వదిలేసిన ప్రశ్న మళ్లీ మొదటి నుంచి ఆలోచించి, సోమవారం పొద్దున పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టాను. ఈసారి వేషాలు లేవు, వీడియో లేదు. ముందు నేను తప్పు చెప్పానని చెప్పాను. ఏ ఆసుపత్రి అని అడిగిన బుడ్డోణ్ని లేపి, వాడు అడిగిందే సరైనదని చెప్పాను. వాడికి ఏమీ గుర్తులేదు, పళ్లికిలించాడు. తర్వాత ఒకే ఒక్క సూత్రం చెప్పాను.

“ఏ ఫోను వచ్చినా, ఎవరు ఏం చెప్పినా, మీ అంతట మీరు చెప్పేయొద్దు, మీ అంతట మీరు కట్ చేయొద్దు. పెద్దవాళ్లకు చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే నా దగ్గరికి రండి. నాకు చెప్పండి.”

అందరూ అన్నారు. రెండోసారి కూడా అన్నారు. నాలుగో తరగతి వరసలో ఆ పిల్ల మాత్రం పెదవి కదపలేదు.

“నువ్వెందుకు అనలేదు పాపా?” అని అడిగాను.

లేచి నిలబడింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. లెక్కకు జవాబు అడిగితే చెప్పినట్టు చెప్పింది.

“ఆ పొద్దు మీకే చెప్పినా కదా మేడమ్.”